పెరటి దోవ లేని బడి

మధ్యాహ్నం అన్నాలయ్యాక కోట ఊళ్ళో ఆ వీధి ఆడవాళ్ళు చేటలు పట్టుకుని జాన్‌బీ ఇంటికి చేరేవాళ్ళు. ఆ ఇంటి తూర్పు గోడకి ఒక కిటికీ ఉంది. కొడుకు దరియావలి మిలిటరీకి పోకముందు బొగ్గుతో గీసిన కిటికీ. అందులోంచి సముద్రపు గాలి వచ్చేది. బియ్యం చెరగడానికి బాగుండేది.

అరవై అయిదులో యుద్ధం వచ్చింది. దండు దిగిన భవనాల బొమ్మలు ముందూ వెనకా గీసి ఆఫీసరుకివ్వడం దరియావలి పని. ఊరి పేరు రాయకుండా తల్లికీ ఒకటి పంపేవాడు. మిల్లయినా సత్రమైనా, నిజానికి తలుపు లేకపోయినా సరే, వెనక ఒకటి గీసేవాడు. తుపానులో ముందు గోడ కూలి, పెరటి దోవ లేక వాళ్ళ నాయన ఇంట్లోనే చచ్చిపోయినాడు. పెరటి దోవ లేనిచోట పడుకోవద్దని జాన్‌బీ కొడుక్కి నూరిపోసింది.

ఈసారి బడి బొమ్మ వచ్చింది. పిల్లలు అక్షరాలు దిద్దే గదుల్లో తుపాకులు. పిల్లల బల్లలు బయట వానలో. యుద్ధం చేయించే పెద్దలకి బడి తప్ప ఇంకేదీ దొరకదు!

"ఏందిమే రాఘవమ్మా, వీడు పెరటి తలుపు గీయలేదే?"

పక్కింటి రాఘవమ్మ కింద రాసింది చదివింది. "ఉన్నది ఉన్నట్టు గీయమని ఆఫీసరు తిట్టినాడంటక్కా."

"ఆఫీసరుకేం? అందులో పడుకునేది నా బిడ్డ."

జాన్‌బీ పొయ్యిలోంచి బొగ్గు తీసి, బొమ్మలో బడి వెనక పక్కన తలుపు గీసింది. గోడ మీద చాకలి పద్దు గీతలు తప్ప ఆమె ఏనాడూ ఏదీ గీసెరగదు.

"అది తలుపాక్కా, కోళ్ళగూడా? గడియేదీ?"

"గడియ లోపలుంటుందిలే. నోరు మూసుకో."

ఆ తర్వాత ఉత్తరం ముక్క రాలేదు. యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పినారు. అయినా రాలేదు. జాన్‌బీ అన్నం ముట్టడం మానేసింది. చేటలు తెచ్చుకున్న ఆడవాళ్ళు గబగబా చెరుక్కుని పోయేవాళ్ళు.

ఒకనాడు వాళ్ళట్లా చెరుగుతుండగానే దరియావలి బస్సు దిగి వచ్చినాడు. నుదుటికి కట్టు.

"బడి మీద గుండు పడిందమ్మా. వరండా కూలి ముందు దోవ మూసుకుపోయింది. పొగలో వెనక గోడ తడిమితే గడియ చేతికి తగిలింది. అందరం బయటపడినాం."

"మరి ఆ కట్టేందిరా?"

"అంత పొట్టి తలుపు ఎవరైనా గీస్తారామ్మా? మా సర్దారన్న తలపాగా దానికే చిక్కుకుపోయింది!"

"బడి కదరా, పిల్లల కొలతకి పెట్టినా," అన్నది జాన్‌బీ. అని, వాడి తల ఒళ్ళోకి లాక్కుని అప్పుడు ఏడ్చింది.