మొదటి మూడు తిప్పులు

ఆ ఉదయం పడమటి ఆకాశం అడుగున ఒక నల్లటి గీత ఉంది. దాని పైనంతా తేటగా ఉంది. గాలి లేదు. సముద్రం అవతల సుమత్రా వైపు నుంచి వచ్చే గాలివాన అలాగే మొదలవుతుంది. గంటన్నరలో మీదికొస్తుందని లెక్కేసుకున్నాను. మొఖ్తార్ బావ కూడా చూశాడు. చూసి పడవ తాడు విప్పాడు.

"ఆగుదామా?" అన్నాను.

"ఆటు ఆగుతుందా?" అన్నాడు.

నీళ్లు తీసేటప్పుడే పండుగప్ప మడ చెట్ల వేళ్ల అంచుకొచ్చి చిన్న చేపల కోసం కాచుకుంటుంది. అమావాస్య ఆటు ఆ రోజుతో ఆఖరు. మా అక్క హస్నా ఇచ్చిన గడువు కూడా ఆ రోజుతోనే ఆఖరు.

ముందటేడు ఇంజను పంకాకి తాడు చుట్టుకుని బావ కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు పోయాయి. ఒక్కడే ఉన్నాడు. అయిదు గంటల తర్వాత పీతలు పట్టేవాళ్లు చూసి తీసుకొచ్చారు. మణికట్టు మళ్లీ పాతలా కాలేదు. అక్క ఒకటే అడిగింది. గాలంతో ఒక్క పండుగప్పని తన చేత్తో మడ వేళ్లలోంచి లాగి తేవాలి. తేలేకపోతే పడవ అమ్మేసి రొయ్యల ఫ్యాక్టరీలో చేరాలి. బావ సరే అన్నాడు. పట్నం నుంచి గాలం సరదాతో వచ్చేవాళ్లని కింద ఉప్పు కాలవల్లోనూ పైన కొర్రమీను ఉండే మంచినీటి గుంటల్లోనూ తిప్పడం తప్ప ఆయనకి వేరే పని రాదు.

గాలం దారం చుట్టే పాత రీలు ఆ తాడుతోపాటే నీళ్లలో పోయింది. నెల కిందట గాలాలమ్మే షావుకారు, టౌకే బూన్ కొట్టుకి వెళ్లాం. టౌకే రెండు రీళ్లు బల్ల మీద పెట్టాడు.

"ఇది నెమ్మదిది. తిప్పుకి మూర దారం చుడుతుంది, తిప్పడం తేలిక. ఇది వేగంది. తిప్పుకి రెండు మూరలు, కానీ ప్రతి తిప్పూ బరువే. ఉప్పుకైనా మంచినీళ్లకైనా రెండూ ఆగుతాయి. ఆగాల్సింది నీ మణికట్టు. నెమ్మదిది తీసుకో మొఖ్తార్, నీది పీత చెయ్యి అయిపోయింది."

"పీత చేతికున్నవి రెండు వేళ్లే గదా టౌకే. అది పట్టుకున్నాక వదిలించుకో చూద్దాం."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నెమ్మదిదే మంచిదని నాకూ అనిపించింది. బయటికొచ్చాక అదే చెప్పాను.

"చేప మడ వేళ్లలోకి దూరేది మొదటి రెండు బారల్లోనేరా జల్నీ," అన్నాడు బావ. "నెమ్మదిదాన్ని సాయంత్రం దాకా తేలిగ్గా తిప్పుకోవచ్చు. చివర చేప ఉండదు, అంతే."

గాలం కర్ర పట్టుకోవడానికి అయిదు వేళ్లూ కావాలి. తిప్పడానికి మూడు చాలు. అందుకని కర్ర ఎడమ చేతికి మార్చి, నెల రోజులు ఇంటి వెనక బురదలో విసరడం నేర్చుకున్నాడు.

కాలవ మలుపులో ఇంజను ఆపాను. మడ చెట్ల వేళ్లు నీళ్లలోంచి లేచి కనిపిస్తున్నాయి. బావ ఎరగా కట్టిన చెక్క చేపని విసిరాడు. దారం చుట్ట మీద బొటనవేలు ఆలస్యంగా నొక్కాడు. రీలు లోపల దారం ఉబ్బి గూడులా చిక్కుపడింది.

నేను చెయ్యి చాపాను.

"ముట్టుకోకు," అన్నాడు.

మూడు వేళ్లతో, పళ్లతో ఒక్కో పోగూ లాగాడు. నల్ల గీత ఇప్పుడు గోడంత అయింది. కొంగలు అడవి లోపలికి పోతున్నాయి. చిక్కు విడేసరికి మడ వేళ్ల మొదళ్లలో తడి బురద జానెడు బయటపడింది. ఇంకాసేపుంటే పడవ అక్కడే బురదలో కూరుకుపోతుంది.

రెండో విసురు కొమ్మకి తగిలి జారింది. మూడోది రెండు మడ వేళ్ల మధ్య సందులో పడింది. ఒక తిప్పు తిప్పాడో లేదో నీళ్లు గుంటపడ్డాయి. కర్ర వంగింది.

బావ వెనక్కి వాలి తిప్పాడు. ఒకటి. రెండు. మూడు. దారం వేరుని రాసుకుంటూ కీచుమంది, వదిలింది. పండుగప్ప బయటి నీళ్లలో ఒళ్లంతా పైకి ఎగిరి పడింది. నా తొడంత ఉంది. నెమ్మది రీలైతే అది ఈపాటికి వేళ్ల వెనక ఉండేది.

"వచ్చింది బావా," అన్నాను.

ఆయన ఇంకా వెనక్కి వాలాడు. ఇప్పుడు బరువు మొదలైంది. ఒక్కో తిప్పుకీ భుజం కూడా తిరుగుతోంది. పడవకి మూడు బారల దూరంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. వేళ్లు పిడి మీదే ఉన్నాయి, తిరగడం లేదు. చేప తల తిప్పింది. దారం గిర్రున పోవడం మొదలైంది, మళ్లీ మడ వేళ్ల వైపే. అప్పుడే మొదటి గాలి కొట్టి పడవని అడ్డంగా తిప్పింది.

ఆయన నా వైపు చూశాడు. అడగలేదు. నేను ఆయన వేళ్లు పిడి మీంచి తీసి నా చెయ్యి పెట్టాను. ఆయన కర్ర వదల్లేదు. చేప అలిసి వలలోకొచ్చేదాకా నేను తిప్పాను. వానలో ఒకరి మొహం ఒకరికి కనిపించలేదు. అదే మంచిదైంది.

అక్క రేవు మెట్ల మీదే ఉంది, నెత్తిన గోనెసంచి వేసుకుని. చేపని చూసింది. తర్వాత బావ చేతిని చూసింది. అది ఇంకా ముడుచుకునే ఉంది.

"ఎవరు తిప్పారు?"

"బావే," అన్నాను.

"సగం వీడు," అన్నాడు బావ. "నా చెయ్యి పట్టేసింది."

"మడ వేళ్లలోంచి లాగింది?"

"నేను."

అక్క చేపని దవడ కింద పట్టి ఎత్తుకుంది. రెండు మెట్లెక్కి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఒక్కడివే వెళ్లకూడదు," అంది. "ఎప్పుడూ. వీడికి పామాయిల్ తోట పనుంది మరి."

ఇద్దరూ నేను ఏమంటానా అని ఆగారు. ఆ తోటలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. ఏ చెట్టు గెల ఎప్పుడు దింపాలో తెలుసు. పడవ సంగతి బావ చెప్తే తప్ప తెలియదు.

"తోటకి ఇంకొకడు దొరుకుతాడు," అన్నాను.

అక్క మెట్లెక్కి వెళ్లింది. బావ పడవలోకి చేరిన వాననీళ్లు తోడడం మొదలుపెట్టాడు, ఎడమ చేత్తో. నేనూ డబ్బా తీసుకున్నాను.

మధ్యాహ్నం అక్క పుల్లటి చేపల పులుసు పెట్టింది. రేకుల మీద వాన పడుతూనే ఉంది. బావ మూడు వేళ్లతో అన్నం కలుపుకున్నాడు. కొన్ని మెతుకులు చాప మీద పడ్డాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. అక్క తల ముక్క నా కంచంలో వేసి, తనూ కూచుంది. ముగ్గురం తిన్నాం.