సంచిలో ఇస్త్రీపెట్టె

ఇస్త్రీపెట్టె అడుగున తడివేలు తాకించి చూసింది ఎవెలియా. చుయ్‌మంది. అయినా నమ్మకం చాలక ముందు ఒక పాతగుడ్డ మీద రుద్ది, అది మాడలేదని తేలాకే చొక్కా కాలరు జోలికి వెళ్ళింది. హోటల్లో వడ్డించేవాళ్ళ తెల్లచొక్కాలవి. పెళ్ళికాక ముందు నుంచీ ఒరిసాబాలో ఊరివాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి బతుకుతున్న మనిషి, ఇంతవరకు ఒక్క బట్టా కాల్చలేదు. కాల్చలేదు కనుక కాల్చే రోజు దగ్గరపడుతోందని ఆమె లెక్క.

కిటికీ బయట సన్నజల్లు. కురుస్తున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. కొండ మీది మంచు ఆ పూట కనబడలేదు. కనబడితే పెళ్ళలు విరిగి పడతాయేమోనని, కనబడకపోతే వెనకాల ఏం జరుగుతోందోనని ఎవెలియాకు దిగులు.

పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి బరువు ఒకే చేతి మీద వేయడంతో కుడిభుజం కిందికి వాలిపోయింది. ముంజేతుల మీద నున్నగా మెరిసే మచ్చలు. చొక్కాలు కాలకుండా కాపాడబోయి తాను కాలిన గుర్తులు. జడ మంటల్లో పడుతుందని తల చుట్టూ చుట్టి పిన్నులు గుచ్చేది. ఆ ఇంట్లో మంటలనేవి లేవు. కరెంటు కొడుతుందని రబ్బరు చెప్పులతో నిలబడేది.

లోపలి గదిలో కొడుకు ఫెర్మీన్ బట్టలు సర్దుకుంటున్నాడు. భారీ మనిషి, మందుల వల్ల కదలిక నెమ్మది. ఒక చొక్కా మడవడానికి తల్లి మూడు చొక్కాలు ఇస్త్రీ చేసేంత సేపు పట్టేది.

"అమ్మా, నా మందులెక్కడ పెట్టావ్?"

"మూడు చోట్ల పెట్టాను. సంచి పోతే జేబులో ఉంటాయి. జేబు కొట్టేస్తే చొక్కా లోపల కుట్టాను."

"చొక్కా కూడా పోతేనో?"

"అప్పుడిక నువ్వెక్కడుంటావురా!"

ఫెర్మీన్ నవ్వాడు. ఎవెలియా నవ్వలేదు. ఆ రాత్రి బస్సుకు వాడు సముద్రం ఒడ్డున అల్వరాదోకు వెళ్ళిపోతాడు. వెళ్ళి అక్కడే ఉంటాడు. వెళ్ళకుండా ఆపగలిగింది లోకంలో ఒక్కటే ఉంది, ఆ పూట సంఘంలో ఆమె వేసే ఓటు.

వాడికి కాలేజీ వయసులో చెవుల్లో గొంతులు మొదలయ్యాయి. ఎవరో తిడుతున్నారని వాడు గోడలకేసి జవాబు చెప్పేవాడు. ఎవెలియా గుడ్డుతో దిష్టి తీయించింది, పాదిరీ గారి చేత మంత్రజలం చల్లించింది, పెద్దాసుపత్రి వరండాల్లో పడిగాపులు పడింది. మందులు గొంతుల్ని తగ్గించాయి కానీ ఇంటికి మనుషుల్ని తెచ్చిపెట్టలేదు. చుట్టాలు రావడం మానేశారు. మొగుడు అంతకు ముందే మానేశాడు. ఒకరోజు వీధి చివర మొక్కజొన్న రొట్టెల కొట్టు నిదియా పొట్లం కడుతూ, తల ఎత్తకుండా, "వదినా, మంగళవారం సాయంత్రం టైర్ల షాపు మేడ మీదికి రండి. వాణ్ణీ తీసుకురండి. నేనూ అక్కడికే వెళ్తాను," అంది. అంత వాగుడుకాయ నిదియాకూ ఒక జబ్బుందని ఎవెలియాకు అప్పుడే తెలిసింది.

ఆ మేడగదిలో డాక్టరు లేడు. జబ్బున్నవాళ్ళే ఒకరికొకరు దిక్కు. పేరు 'రేపటిదాకా' సంఘం. ఎన్నాళ్ళు బాగుంటావని అక్కడ ఎవరూ అడగరు, రేపటిదాకా చాలు. ఒక్కొక్కరూ ముందున్న ఎత్తైన చెక్క బల్ల వెనక నిలబడి పేరు చెప్పి, జబ్బు చెప్పి, తమ సంగతి చెప్పుకుంటారు. సలహా ఇవ్వకూడదు, ఎదుటివాడికి ఏం జబ్బో ఇంకొకరు అనకూడదు. ఎవరిది వాళ్ళ నోటే రావాలి. వ్యవధి అయిపోతే ఆనాటికి పెద్దగా కూర్చున్నవాడు గంట కొడతాడు. మొదటి రోజు ఎవెలియాకు ఓదార్పు ఇస్తారేమో అనుకుంటే కాఫీకుండ ఇచ్చారు. అదే ఆమె సేవ. ఎనిమిదేళ్ళుగా దాల్చినచెక్కా బెల్లమూ వేసి కాఫీ కాచి, వెనక వరసలో నిలబడి పోసిపెడుతూనే ఉంది. బల్ల దగ్గరికి ఒక్కసారీ వెళ్ళలేదు. నేను తల్లిని కదా, రోగిని కాదు కదా అనేది.

మధ్యాహ్నం హోటలువాళ్ళ చొక్కాలు అప్పజెప్పి, ఇస్త్రీపెట్టె తీగ పీకింది. చల్లారేదాకా కాపలా కాసింది. చల్లారాక దాన్ని తువ్వాలులో చుట్టి చేతిసంచిలో వేసుకుని బయల్దేరింది. ఎక్కడికి వెళ్ళినా ఆ సంచి భుజాన ఉండాల్సిందే. ఆ వాలిన భుజానికి ఇంకో కారణం అది.

మేడగదిలో రబ్బరు వాసన, కాఫీ వాసన కలిసిపోయి ఉన్నాయి. బీరు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన రొసెందో ముందు కుర్చీలో కూర్చున్నాడు. బక్కపలచని మనిషి, ఒకప్పుడు ఏడాది పాటు మంచం దిగలేదు. అల్వరాదో నుంచి తోమాసా వచ్చింది. పడవవాళ్ళ మనిషి, గొంతు ఆ గదికి పెద్దది. తమ్ముడి జబ్బు కోసం ఏడాదిగా బస్సెక్కి వచ్చిపోతోంది. అక్కడ అలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. సంఘం పెట్టి నడిపించే మనిషి కావాలని అడిగింది. ఫెర్మీన్ వస్తానన్నాడు. చేపల మార్కెట్లో ఐసు కొట్టే పని, ఐసు గోదాము మీద గది, అంతా ఆవిడే చూసింది.

"ఎవెలియమ్మా, ఈ దిక్కుమాలిన కాఫీ ఇంత బాగా ఎట్లా కాస్తావే," అంది తోమాసా. అల్వరాదోవాళ్ళకు తిట్టు లేకుండా మెచ్చుకోవడం రాదు. గదిలో కప్పులు చాలక ఎవెలియా తన కప్పు ఆవిడకిచ్చేసింది.

"వాడికి తిట్లంటే పడదండీ," అంది మెల్లగా. "చెవుల్లో గొంతులు వాణ్ణి తిట్టేవి."

"అందుకే మా ఊరు మంచిది. బయటివాళ్ళం మేమే అంత తిడితే లోపలివాళ్ళ గొంతు ఎవడికి వినపడుద్ది?"

నిదియా కిసుక్కుమంది. "వదినా, మీ అబ్బాయికి అక్కడ పెళ్ళి కూడా అవుతుందేమో. తిట్లకి అలవాటు పడ్డవాడు కదా."

ఆనాటి గంట వంతు ఫెర్మీన్‌ది. వంతు ఎవరిదైతే వాళ్ళే కూర్చోవాలి, తన మీదే ఓటు అయినా సరే. గదిలో చెయ్యి ఎత్తితే మాట్లాడతానని అర్థం. అందుకని ఓటుకు కప్పు ఎత్తుతారు. మనిషిని ఇంకో ఊరికి పంపే విషయంలో ఒక్క కప్పు అడ్డంగా లేచినా పంపరు. ఆమధ్య ఒకతన్ని బలవంతంగా పంపితే జబ్బు తిరగబెట్టి తిరిగొచ్చాడు, అప్పటి నుంచీ ఆ కట్టుబాటు.

ఓటు జరిగినప్పుడల్లా ఎవెలియా కాఫీ కుండతో వెనకాల ఉండేది. ఏ కప్పు ఎప్పుడు లేస్తుందో చూసిన పాపాన పోలేదు.

ఫెర్మీన్ గంట మీద చెయ్యి వేసి అడిగాడు. "ఫెర్మీన్ అల్వరాదో వెళ్ళడానికి ఎవరికైనా అడ్డం ఉందా?"

ఏ కప్పూ లేవలేదు. కిటికీ అద్దం మీద జల్లు జారుతోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు అనుకుని ఎవెలియా కళ్ళు మూసుకుని కుడిచెయ్యి నిటారుగా ఎత్తింది.

ముందు రొసెందో చప్పట్లు మొదలుపెట్టాడు. ఇంకొకరు, ఇంకొకరు. గదంతా చప్పట్లు.

కళ్ళు తెరిచేసరికి అందరూ ఆమెకేసి తిరిగి నవ్వుతున్నారు. నిదియా కళ్ళు తుడుచుకుంటోంది. తన కొడుకును ఆపుతుంటే వీళ్ళకింత సంతోషమేమిటో ఎవెలియాకు అర్థం కాలేదు.

"వెళ్ళు వదినా, బల్ల దగ్గరికి. ఎన్నాళ్ళకి మాట్లాడతానన్నావు."

"నేను మాట్లాడతానన్నానా?"

"చెయ్యెత్తావు కదా."

అప్పుడు తెలిసింది. వెనక్కి తగ్గడానికి దారి లేదు, కుర్చీలన్నీ జరిపి తోవ ఇచ్చేశారు. సంచి భుజాన అలాగే ఉండగా వెళ్ళి బల్ల వెనక నిలబడింది. గడ్డం దాకా వచ్చిందది.

"నా పేరు ఎవెలియా."

"స్వాగతం, ఎవెలియా," అంది గదంతా.

"నేను ఫెర్మీన్ తల్లిని."

ఫెర్మీన్ గంటను వేలితో చిన్నగా తాకాడు. "ఇక్కడ మన సంగతే చెప్పుకోవాలి, ఎవెలియా గారూ."

అమ్మా అనలేదు. గారూ అన్నాడు, అందరినీ అన్నట్టే. ఎవెలియాకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. కాళ్ళ కింద నేల కొంచెం గట్టిపడినట్టు అనిపించింది.

"నా సంగతి ఏముంది. ఇస్త్రీ చేస్తాను. ఇంట్లోంచి బయటపడ్డాక పెట్టె ఆపానో లేదో అని గుండె కొట్టుకుంటుంది. అందుకని..." అంటూ సంచిలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద పెట్టింది. ఇస్త్రీపెట్టె ముక్కు బయటికి కనపడుతోంది. "వెంట తెచ్చుకుంటాను. పెళ్ళిళ్ళకీ తెస్తాను. మా అత్తగారి శవం వెంట కూడా ఇదే సంచి."

గది పగలబడి నవ్వింది. ఆమె కూడా కాస్త నవ్వింది. ఆ నవ్వు అలాగే ముఖం మీద ఉండగానే మాట మారిపోయింది.

"రాత్రుళ్ళు లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. ముప్ఫై దాటినవాడికి. వాడు మేలుకునే ఉంటాడు. నేను బెదిరిపోతానని నిద్రపోయినట్టు నటిస్తాడు. నటిస్తున్నాడని నాకూ తెలుసు. ఇద్దరం అలా ఎన్నో ఏళ్ళు..." ఆగింది. "అల్వరాదోలో వాడి ఊపిరి ఎవరు చూస్తారని ఇవాళ అడ్డం చెబుదామని వచ్చాను. ఇక్కడ నిలబడ్డాక ఇంకోలా తోస్తోంది. అక్కడైతే వాడు నిజంగా నిద్రపోతాడేమో."

ఆమె ఇస్త్రీపెట్టె తీగను వేలికి చుట్టుకుంటూ, "నా పేరు ఎవెలియా. నాకు భయం జబ్బు," అంది.

గంట మోగింది. వ్యవధి దాటి చాలాసేపయింది, ఫెర్మీన్ అప్పటిదాకా కొట్టలేకపోయాడు. తల వంచుకుని, "ధన్యవాదాలు, ఎవెలియా గారూ," అన్నాడు.

"అందరికీ ముందే తెలుసా ఏంటి?" అని అడిగింది నిదియాను, కుర్చీలోకి జారుతూ.

"ఎనిమిదేళ్ళుగా మా ముందు ఇస్త్రీపెట్టె మోసుకుంటూ తిరిగావు. చెప్పకూడదు కదా వదినా. నోళ్ళు కుట్టుకుని కూర్చున్నాం. నా నోరు కుట్టుకోవడమంటే మాటలా?"

తోమాసా తన చేతిలోని కప్పును ఎవెలియా చేతిలో పెట్టింది. సగం కాఫీ ఉంది. "ఇందా, నీ కప్పు నువ్వు తీసుకో. ఓటు నీది. ఎత్తాలనుంటే ఎత్తు తల్లీ, నేనేం అనుకోను. ఖాళీ బస్సులో తిట్టుకుంటూ పోతా."

ఫెర్మీన్ మళ్ళీ అడిగాడు. "ఎవరికైనా అడ్డం ఉందా?"

గదంతా ఆ కప్పుకేసే చూసింది. కప్పు ఒడిలోంచి లేచింది. రొమ్ము దాకా వచ్చింది. గడ్డం దాకా వచ్చింది.

రొసెందో ఉండబట్టలేక, "అమ్మా, అది ఎత్తడమా, తాగడమా?" అన్నాడు.

"తాగడం," అని ఎవెలియా చివరి చుక్కదాకా తాగేసింది.

బస్టాండులో జల్లు అలాగే ఉంది. టైర్లు కొత్తవేనా అని ఎవెలియా డ్రైవరును అడిగింది. కొత్తవేనన్నాడు. కొత్తవి జారతాయేమో అంది. తోమాసా నవ్వు ఆపుకోలేక బస్సు కిటికీకి తల ఆనించింది. ఫెర్మీన్ బీన్స్ ముద్ద పెట్టిన బన్నుల పొట్లం అందుకుని వంగి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"చేరాక ఫోన్ చేస్తానమ్మా."

"చేరకపోతే?"

"చేరకపోయినా చేస్తాను."

బస్సు వెళ్ళింది. వెళ్ళే బస్సును చూడకూడదు, కీడు అంటారు. ఎవెలియా చూసింది, వెనక ఎర్రదీపాలు మలుపు తిరిగేదాకా.

నిదియా వీధి చివరిదాకా తోడొచ్చి, రేపు పొద్దున బట్టలు తెస్తానని వెళ్ళిపోయింది. ఎవెలియా తాళం తీసి, దీపం వేసి, సంచి దించింది. ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టింది. కొడుకు గది తలుపు తెరిచి ఉంది. పక్క సర్ది ఉంది. బట్టలు ఆరవేసే తాడు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వాడి మేజోళ్ళలో ఒకటి ఇక్కడే ఉండిపోయిందని, రెండో కాలికి చలిపెడుతుందని, ఐసు గోదాములో పనని, ఫోన్ చేసి వెనక్కి పిలవాలని చెయ్యి లేచింది. లేచిన చెయ్యి కాసేపు గాల్లో ఉండి, కిందికి దిగింది.

తాడు మీద ఒక్క బూడిదరంగు మేజోడు వేలాడుతోంది, బొటనవేలి దగ్గర ఇంకా కాస్త తడిగా, ఎడమకాలిదో కుడికాలిదో తెలియకుండా.