మొహమాటం పట్టిన మిషను

"మిషనుకి మొహమాటం పట్టిందే," అంది పెద్ద తోడికోడలు, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ.

రిపేరమ్మ గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకుని ఉంది. అట్టపెట్టెల కార్ఖానాలో వైర్లు, మోటార్లు, స్విచ్చులు చూసేది ఆమే కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. ఇంట్లోనూ అలాగే పిలుస్తారు, ముఖ్యంగా మిక్సీ ఆగినప్పుడు. పొద్దుటి నుంచి నాలుగు మోటార్లు విప్పి బిగించింది. మోకాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

"మొహమాటమేంటక్కా?"

"పాదం తీస్తే ఆగాలా? ఆగదు. వెళ్లొస్తానని లేచి, గుమ్మం పట్టుకుని ఇంకో గంట కబుర్లు చెప్పే చుట్టంలా తయారైంది. పోయేది పోవచ్చుగా!"

"నీకలా అనిపిస్తోందేమో."

"నువ్వూ అదే అను. వాడూ అదే అంటున్నాడు."

వాడంటే సూపర్‌వైజరు. రెండు వారాల్లో రెండుసార్లు అక్కకి ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. ఆగిందనుకుని, వంకరగా పడ్డ అట్టను సరిచేయబోతే కోత పలక మళ్లీ వచ్చి మూసుకుంది. వయసు మీద పడింది, చేతికీ పాదానికీ పొత్తు కుదరడం లేదని తేల్చి, వచ్చే సోమవారం నుంచి ఆవిడ జిగురు గదికి వెళ్లాలన్నాడు సూపర్‌వైజరు. పంతొమ్మిదేళ్లు ఆ కోత మిషను మీద పనిచేసిన మనిషి. పైగా ఆయాసం. జిగురు ఘాటుకి పది నిమిషాల్లో ఊపిరి అందదు. ఆ గదికి వెళితే వారం కూడా తట్టుకోలేదు, పని మానుకోవాల్సిందే.

"పోయేది పోవచ్చుగా" అన్న మాట మాత్రం రిపేరమ్మ చెవిలో ఉండిపోయింది. కలిపిన ముద్ద డబ్బాలోనే వదిలేసింది.

నలభై రోజుల కిందటి సంగతి. పెడల్ తొక్కితే రిలే అనే స్విచ్చు కలుస్తుంది, కరెంటు, మోటారుని పలకకి జోడించే క్లచ్ కాయిల్‌కి వెళుతుంది, కోత పలక కదులుతుంది. పాదం తీస్తే రిలే విడిపోతుంది. అయితే కాయిల్ తనలో పారుతున్న కరెంటుని ఒక్కసారిగా ఆగనివ్వదు. ఎగదన్నుతుంది. ఆ దెబ్బకి రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేచి, రోజుకి వేలసార్లు కాల్చీ కాల్చీ వాటిని బొగ్గు చేస్తుంది. పదిహేను రోజులకో రిలే మార్చీ మార్చీ విసిగిపోయి, రిపేరమ్మ కాయిల్‌కి అడ్డంగా కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి వేసింది. ఎగదన్నే కరెంటు బయటికి రాకుండా కాయిల్‌లోనే చుట్టూ తిరిగి చల్లారిపోతుంది. ఆ తర్వాత ఒక్క రిలే కాలలేదు. సూపర్‌వైజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఇంట్లోనూ బయటా అలాంటి మాట విని ఎన్నేళ్లయిందో. నలభై రోజులుగా దాన్ని కొంగున కట్టుకుని తిరుగుతోంది.

కాయిల్‌లోనే చుట్టూ తిరిగి చల్లారుతుంది. తిరిగినంతసేపూ క్లచ్‌ని పట్టుకునే ఉంటుంది కదా!

గుమ్మం పట్టుకున్న చుట్టం.

"అక్కా, తిన్నాక ఓ సుద్దముక్క పట్టుకురా."

అట్ట పెట్టకుండా మిషను తిప్పారు. పలకని నడిపే చక్రం మీది మేకు పైకి రాగానే అక్క పాదం తీసింది. చక్రం ఆగినచోట రిపేరమ్మ గీత గీసింది. అలా ఐదుసార్లు. తర్వాత మెయిన్ కట్టేసి, డయోడ్ కాలొకటి కత్తిరించి, మళ్లీ ఐదుసార్లు. ఈసారి రిలే పెట్టెలో నీలంగా రవ్వ మెరిసింది. చక్రం మాత్రం అన్నమాట ప్రకారం ఆగింది. రెండు గీతల గుంపులకీ మధ్య బెత్తెడు.

అక్క తన నాలుగు వేళ్లూ ఆ సందులో ఆనించి చూసుకుంది.

చడీచప్పుడు లేకుండా బాగుచేసేయొచ్చు. ఎవరూ అడగరు. అప్పుడు తప్పు అక్క వయసు మీదే ఉండిపోతుంది, సోమవారం జిగురు గది తప్పదు. రిపేరమ్మ చేతులు తుడుచుకుని సూపర్‌వైజరు బల్ల దగ్గరికి నడిచింది. ఆ ఇరవై అడుగులూ ఏటికి ఎదురీదినట్టే ఉంది.

"సార్, ఆవిడ పాదం సరిగానే ఉంది. తప్పు నాది."

మిషను దగ్గరికి తీసుకొచ్చి గీతలు చూపించింది. తన పనిముట్ల డ్రాయర్లోంచి ఒక నీలం బిళ్ల తెచ్చి చూపించింది. "డయోడ్ బదులు ఇది పెడతాను. ఇదీ దెబ్బ కాస్తుంది, కానీ కరెంటుని తాపీగా తిరగనివ్వదు, త్వరగా ఖాళీ చేసేస్తుంది. క్లచ్ వెంటనే వదులుతుంది."

"మరి రిలే?"

"కొంచెం అరుగుతుంది. ఏడెనిమిది నెలలకోసారి మార్చాలి."

"మళ్లీ మార్చడమా! నలభై రోజుల కిందట అందరి ముందూ మెచ్చుకున్నాను నిన్ను."

"వెనక్కి తీసేసుకోండి సార్."

"చక్కగా ఉన్నదాన్ని..."

"రిలే అయితే పెట్టెలో వస్తుంది. ఈవిడ వేళ్లు ఏ సైజు పెట్టెలో తెప్పిస్తారు?"

ఆయన వంగి, ఆ గీతల మధ్య సందుని తన వేళ్లతో కొలిచాడు. తర్వాత గోడ మీది నల్లబోర్డు దగ్గరికెళ్లి, జిగురు గది కింద రాసిన అక్క పేరుని బొటనవేలితో తుడిచేశాడు. సారీ అనలేదు. ఆయన అలాంటివి అనడు.

బిళ్లా, కొత్త రిలే బిగించడానికి అరగంట పట్టింది. అక్క పెడల్ తొక్కి, పాదం తీసింది. పలక ఠక్కున ఆగింది.

"చెప్పాపెట్టకుండా పోయింది," అంది అక్క. నవ్వలేదు. "నలభై రోజులు నన్ను ముసలిదాన్ని చేశావు కదే."

"చేశానక్కా."

"చెప్తే నువ్వూ నమ్మలేదు."

రిపేరమ్మ కొత్త రిలే మీద తేదీ రాసి, పెట్టె మూసి, అక్కడే నేల మీద చతికిలబడింది. అక్క వెళ్లి, మధ్యాహ్నం ఆమె వదిలేసిన డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టింది.

"తిను. ఇంటికెళ్తే అత్తయ్య ఫ్యాను విప్పిస్తుంది, తెలుసుగా."

అని పాదం పెడల్ మీద పెట్టి, మొదటి అట్ట లోపలికి తోసింది.