చిన్నమ్మ అంటే మౌసీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని సూరత్ భేస్తాన్‌లో మేముండే గల్లీ అంతా అంటుంది. అననీ. ఆ రోజు సూరత్ స్టేషన్‌లో నా చోట ఎవరున్నా అరిచేవాళ్లే. చచ్చిపోయిన మా అక్క కూతురిని తెచ్చుకుందామని వెళితే, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి "ఈ పిల్లను ఎక్కడికి తీసుకుపోతున్నావు?" అని అడిగారు. ఎవరిదో మేకపిల్లను ఎత్తుకుపోతున్నట్టు!

కరోనా రెండో వేవ్‌లో మా అక్క సిరిసిల్లలో పోయింది. బావ అంతకు నాలుగేళ్ల ముందే పోయాడు. మిగిలింది పద్నాలుగేళ్ల నీరజ ఒక్కతే. అక్క దినాలకు కూడా నేను వెళ్లలేకపోయాను. రైళ్లు కాస్త సరిగ్గా నడిచాక, ఊరికి వెళ్లిన మా గల్లీ రాజమౌళికి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు పిల్లను వెంటబెట్టుకు రమ్మన్నాను. ఆ మహానుభావుడు నీరజతో పాటు ఇంకో ముగ్గురు పిల్లలను తెచ్చాడు, ఒక్కొక్కరు ఒక్కో ఇంటికి. నలుగురు పిల్లలు, ఒక్క మగమనిషి, ఎవరి ఇంటిపేరూ ఎవరితోనూ కలవదు. రైలు దిగీ దిగగానే పట్టుకున్నారు.

పిల్లల్ని ఎత్తుకొచ్చి పనుల్లో పెట్టేవాళ్లను పట్టుకోవడానికి ఊళ్లో కొత్తగా జట్టు కట్టారట. రైల్వే పోలీసులు, ఊరి పోలీసులు, లేబర్ ఆఫీసు వాళ్లు, పిల్లల సంక్షేమం వాళ్లు, ఇంకా ఏదో సంస్థ. అందరికీ కలిపి స్టేషన్‌లో ఒకటే గది. ఒకరు అడిగిందే ఇంకొకరు వచ్చి అడుగుతారు. అందరి మొహాలకూ మాస్కులు, ఎవరు ఎవరో తెలిసి చావదు. రాజమౌళిని పక్క గదిలోకి తీసుకుపోతుంటే "వదినా, జర నువ్వన్న చెప్పు వీళ్లకు!" అని అరిచాడు. ఏం చెప్పను? ఏం జరుగుతోందో నాకు తెలిస్తే కదా.

నా ఎదురుగా కూర్చున్నది పిల్లల సంక్షేమం నుంచి వచ్చిన జ్యోత్స్నాబెన్. మెత్తని మనిషి. "పిల్లకు నువ్వేమవుతావు?" అని హిందీలో అడిగింది.

"మౌసీని" అన్నాను. చిన్నమ్మకు హిందీలో ఇంకో మాట ఉందా?

ఆమె పెన్ను ఆగింది. పక్కనున్న సంస్థ అమ్మాయి గొంతు తగ్గించి "అందరూ మౌసీలే" అంది. పిల్లల్ని తెచ్చి అమ్ముకునే ఆడవాళ్లు కూడా తమను మౌసీ అనే పిలిపించుకుంటారట. ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏందమ్మా, నోటికెంతొస్తే గంత అంటవా? నా తోడబుట్టినదాని బిడ్డ అది!" అని తెలుగులో మొదలుపెట్టి, హిందీలో తిట్టి, గుజరాతీలో ముగించాను. జ్యోత్స్నాబెన్ అంతా విని, లేచి వెళ్లి నాకు గ్లాసెడు నీళ్లు తెచ్చి ఇచ్చింది. తిట్టినా నీళ్లిచ్చే మనిషితో ఎలా పోట్లాడాలో నాకు తెలియదు.

తర్వాత ఆమె ఒక కాగితం ముందు పెట్టుకుని అడగడం మొదలుపెట్టింది. పిల్ల ఇంతకుముందు ఈ ఊరు వచ్చిందా? లేదు. ఇక్కడి భాష వచ్చా? రాదు. ఇక్కడ నువ్వు తప్ప తెలిసినవాళ్లున్నారా? లేరు. బడి ఆగిపోయిందా? అందరి బళ్లూ ఆగాయి కదమ్మా అన్నాను. తెరిస్తే చేర్పిస్తావా? చూద్దాం అన్నాను. ప్రతి జవాబుకూ ఒక గడిలో టిక్ పెట్టింది. నేను ఎన్ని నిజాలు చెబితే అన్ని టిక్కులు పడ్డాయి.

"ఈ గడులేంటి బెన్?" అని అడిగాను.

"పిల్లల అక్రమ రవాణా ఏమోనని అనుమానించడానికి గుర్తులు" అంది. ఇంకా ఒక్క గడి మిగిలింది. "పిల్లను పనిలో పెడతావా?"

"లేదు బెన్" అన్నాను. ఆ రోజు నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

ఎందుకంటే నీరజ నాతో పాటు మగ్గాల కారఖానాకు వస్తుందని, దారం కండెలు చుడుతుందని నేను ముందే మా యజమాని సేఠ్‌కు చెప్పి పెట్టాను. లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయినవాళ్లలో సగం మంది తిరిగి రాలేదు. మనుషుల్లేరని ఆయన మొత్తుకుంటున్నాడు. అందులో తప్పేముంది? నన్ను కూడా పద్నాలుగేళ్లప్పుడు మా మేనత్త ఇలాగే తెచ్చింది. తెచ్చిన మర్నాడే కండెల ముందు కూర్చోబెట్టింది. అందరూ నా అదృష్టం అన్నారు. ఇరవై ఆరేళ్లుగా నేనూ అదే అనుకుంటున్నాను. ఇప్పుడు ఈ కాగితం ప్రకారం మా అత్త దొంగా? నేను దొంగనా? పిల్లకు అన్నం పెట్టడానికి తెచ్చుకున్నానా, పని చేయించడానికి తెచ్చుకున్నానా? ఈ రెండింటినీ నేనెప్పుడూ విడదీసి చూసుకోలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. సేఠ్. "కొమురాబెన్, ఛోక్రీ ఆవీ గయీ?" అన్నాడు. పిల్ల వచ్చిందా అని. రోజూ వినే గొంతే. ఆ గదిలో మాత్రం అది బయటికి వినబడకుండా ఫోన్‌ను చెవికి అదుముకున్నాను. "హా సేఠ్" అని పెట్టేశాను. ఎవరని జ్యోత్స్నాబెన్ అడిగితే, ఇంటి నుంచి అన్నాను.

నీరజను తీసుకొచ్చారు. ఆరేళ్లయింది చూసి. మాస్కు పైన ఆ కళ్లు అచ్చం మా అక్కవే. నాకు ఏడుపు ఆగలేదు.

జ్యోత్స్నాబెన్ అంది: "తెలుగు వచ్చే మా మనిషికి కరోనా. నిజానికి నిన్ను అడగకూడదు, కానీ ఇంకెవరూ లేరు. ఇక్కడ ఏం చేద్దామని వచ్చిందో పిల్లనే అడుగు. చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పు. చదువుకని అంటే, నువ్వు రాసిచ్చి ఇవాళే తీసుకుపోవచ్చు. పనికని అంటే, మా పిల్లల సంక్షేమ సమితి తేల్చేదాకా పిల్లల హోమ్‌లో ఉంచుతాం. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు."

"బిడ్డా, నువ్వు ఈడ ఏం చేస్తవని అడుగుతున్నరు" అన్నాను.

నీరజ ఏడుస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చిన్నమ్మా, నన్ను ఈడ ఇడిసిపెట్టి పోకు. నేను ఊకె కూసోని తినను. పొద్దంత కండెలు చుడుత. నేను మంచిగ పని చేస్తనని వీళ్లకు జర గట్టిగ చెప్పు" అంది.

ఆ గదిలో ఆ మాటలు అర్థమైంది నాకొక్కదానికే.

"ఏమంటోంది?" అని జ్యోత్స్నాబెన్ అడిగింది.

చదువుకుంటానంటోంది. అంతే, ఆ ఒక్క మాట చాలు. హిందీలో నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఊకె కూసోని తినను అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. ఆ మాట దానికి నేర్పింది నేనే. రైలెక్కే ముందు ఫోన్‌లో చెప్పాను, సూరత్‌ల ఊకె కూసుంటే ఎవ్వలు తిండి పెట్టరు బిడ్డా అని. తల్లి పోయి రెండు నెలలు కాని పిల్లకు.

"పని చేస్తానంటోంది" అన్నాను. "కండెలు చుడుతుందట. నేనే రమ్మన్నాను."

మంచి చేశానో, పిల్ల గొంతు కోశానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జ్యోత్స్నాబెన్ చివరి గడిలో టిక్ పెట్టింది.

హిందీ ముక్క రాని నీరజ ఏడుపు ఆపింది. "చెప్పినవా చిన్నమ్మా?"

"చెప్పిన బిడ్డా."

అది చున్నీతో కళ్లు తుడుచుకుంది, మాస్కు సర్దుకుంది, సంచి భుజానికి తగిలించుకుంది.

"పోదాం పా మరి" అంది.