స్టిక్కరు కింది అంకె

మదర్‌బోర్డు మీది దుమ్ము ఊదేటప్పుడు ఓదెలు కళ్ళు మూసుకుంటాడు. ఊదాక బ్రష్షు తీసుకుని ముందు మూలలు, తర్వాత ఫ్యాను రెక్కలు, చివరికి ప్రాసెసర్ చుట్టూ తుడుస్తాడు. దుమ్ము కూడా ఒక్కో ఇంటిది ఒక్కో తీరు. వంటగది పక్కన పెట్టిన కంప్యూటర్‌దైతే జిడ్డుగా ఉంటుంది. రైలు పట్టాల పక్క ఇంటిదైతే నల్లగా వేలికి అంటుకుంటుంది. ఫలక్‌నుమా స్టేషన్ రోడ్డులో అమరనాథ్ కంప్యూటర్ దుకాణం, వెనక గోడకు ఆనించిన బల్ల. దాని ముందు ఓదెలుకు తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఆయన పని ఒక్కటే. జనం పాత కంప్యూటర్ తెచ్చి, దీన్నే కాస్త వేగంగా చేయమంటారు. ఏ మదర్‌బోర్డుకు ఏ ప్రాసెసర్ పడుతుందో ఆయన చూసి చెప్పాలి. చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి: అరచేతిలో సగం లేని పలక, కింద సూదుల్లాంటి కాళ్ళు. అదే గుంటలో అవే కాళ్ళు చక్కగా దిగుతాయి కూడా. కానీ బోర్డు ఇచ్చే కరెంటు ఒకటీ, ప్రాసెసర్ అడిగేది ఇంకొకటీ అయితే తెర నల్లగా ఉండిపోతుంది. ఒక్కోసారి కమురు వాసన వచ్చి బోర్డే పోతుంది. అందుకని ఓదెలు చెప్పే జవాబుల్లో పదింటికి ఏడు "పట్టదు" అనే ఉంటాయి. వీధిలో వాళ్ళు "పట్టదు ఓదెలు" అని పేరు పెట్టుకున్నారు.

ఆయన దానికి కోపం తెచ్చుకోలేదు. గౌలిపురలో తండ్రికి బర్రెలున్న రోజుల్లో, సంతలో ఎనిమిదింటి పొదుగు నొక్కి చూసి ఒట్టి చేతులతో తిరిగొచ్చే ఆ మనిషి వెనకాలే నడిచి పెరిగినవాడు. తర్వాత బర్రెలు పోయాయి. కొట్టం ఉన్నచోట ఒక ఇరుకు గది మిగిలింది. ఓదెలు రేడియోలు బాగుచేశాడు, టేప్‌రికార్డర్లు బాగుచేశాడు. అవీ పోయాక నలభై రెండో ఏట ఈ బల్ల ముందు కూచున్నాడు.

ఆ పొద్దున షట్టరు ఎత్తుతూనే అమరనాథ్ మాట మొదలుపెట్టాడు.

"ఓదెలన్నా, గుస్సా గాకు. వచ్చే నెలకెళ్ళి బల్ల తీసేస్తున్న. పాతయి ఎవ్వరు చేపిచ్చుకుంటలేరు, అందరు కొత్తయే కొంటున్నరు. కౌంటర్ మీద కూచుంటనంటే కూచో. గని నీ నోట్లకెళ్ళి ‘తీస్కోండి’ అనే మాట రావాలె గదా! ఇయాల ఒక్కటంటే ఒక్క కొత్త సిస్టం అమ్మి చూపెట్టు. గంతే."

"నాకు అమ్ముడు రాదు సేట్."

"రాదంటే ఎట్ల? పెళ్ళిచూపులల్ల సత్తెమ్మ వదినెకు గూడ పట్టదనే చెప్పినవా?"

ఓదెలు నవ్వాడు. నవ్వు అయిపోయాక బ్రష్షు చేతిలో అలాగే ఉంది. యాభై ఒక్క ఏళ్ళవాడికి ఇంకో దుకాణంలో బల్ల ఎవరిస్తారు? అమ్మాలి. ఎలా అమ్ముతారో పదకొండింటి దాకా ఆలోచించాడు.

పదకొండింటికి ఆటో ఆగింది. దుప్పటి చుట్టిన కంప్యూటర్ డబ్బాను చంటిబిడ్డలా ఎత్తుకుని మైథిలి దిగింది. తండ్రి శ్రీహరిరావు ప్రభుత్వోద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి జహనుమాలో స్థిరపడ్డాడు. ఆ ఇంటి ముందుగదిలో ఆమె బళ్ళకు తెలుగు ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇస్తుంది. ఆ టైపుకు తెలుగు అక్షరాలు, వాటి మీటల వరుస ఇచ్చే లిపి కార్డు ఒకటి కావాలి. అది పాత బోర్డుల్లో ఉండే పొడుగాటి నల్ల గాడిలోనే కూచుంటుంది. కొత్త బోర్డుల్లో ఆ గాడి రావడం లేదు.

"కొత్తదే తీసుకుంటానండి ఓదెలు గారూ," అంది మైథిలి. "పోయినేడు మీరే అన్నారుగా, ఈ బోర్డుకు పెద్ద ప్రాసెసర్ పట్టదని. పేజీ తిప్పితే వంటింట్లో కుక్కర్ మూడు కూతలు కూస్తోంది గానీ పేజీ మాత్రం రావట్లేదండి."

అమరనాథ్ అప్పటికే బిల్లు పుస్తకం తెరిచాడు. "కూచోండి మేడం. చాయ్ చెప్త."

"మరి నీ తెలుగు కార్డు?" అడిగాడు ఓదెలు.

"వదిలేయడమే. కొత్త కీబోర్డు నేర్చుకుంటున్నాను. అక్షరాలన్నీ చోటు మారిపోయాయండి. ఒకటి కొడితే ఇంకోటి పడుతోంది. చెయ్యి విరిగినట్టుంది." మాట్లాడుతూనే ఆమె వేళ్ళు బల్ల అంచు మీద కనబడని మీటలు నొక్కుతున్నాయి.

అమ్మకం తనంతట తనే నడిచి వచ్చింది. ఓదెలు చేయాల్సిందల్లా పాత డబ్బా విప్పి, ఆమె ఫైళ్ళున్న డిస్కును కొత్తదాంట్లోకి మార్చడం. మూత తీశాడు. కళ్ళు మూసుకుని ఊదాడు. బ్రష్షు ఆడించాడు.

బోర్డు అంచున చిన్న తెల్ల స్టిక్కరు ఉంది. అమ్మిన ప్రతి బోర్డు మీదా తేదీ వేసి, సంతకం పెట్టి అంటించడం దుకాణాల అలవాటు. గ్యారంటీకి అదే గుర్తు. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ అంటిస్తారు. మూడేళ్ళ కిందటి తేదీ, ఓదెలు సంతకం. వేడికి ఎండిన ఒక మూల బ్రష్షు తగిలి లేచింది. కింద తెల్లటి అచ్చుగీత ఒకటి కనిపించింది.

ఆయన రెండుసార్లు దాని మీద ఆవిరి ఊది, గోటితో మెల్లగా ఒలిచాడు. బోర్డు పేరు పక్కన ఒక అంకె. రెండు.

ఆ పేరుతో బోర్డులు రెండు విడతలుగా వచ్చాయి. మొదటి విడతకు చిన్న ప్రాసెసర్లే పడతాయి. రెండో విడతలో కరెంటు సర్దే ముక్క మార్చారు, దానికి పెద్దవి కూడా పడతాయి. విడత అంకె అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండదు. నిరుడు ఆయన బోర్డు పేరు మాత్రం చదివాడు. అంకె కనబడలేదు గనక మొదటి విడత అనుకున్నాడు, పట్టదన్నాడు. అంకె తన సంతకం కిందే ఉంది.

చాయ్ వచ్చింది. అమరనాథ్ కలం కాగితం మీద గరగర నడుస్తోంది. ఈ సంగతి ఫలక్‌నుమాలో ఇంకెవరికీ తెలియదు, తెలిసే దారీ లేదు. నోరు మూసుకుని డిస్కు తీస్తే రేపటి నుంచి ఫ్యాను కింద కౌంటర్ మీద కూచోవచ్చు. ఓదెలు చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య స్టిక్కరు నలిగి నలిగి చిన్న ఉండ అయింది.

"సేట్, జర బిల్లు ఆపు," అన్నాడు. "బిడ్డా, నిరుడు నేను తప్పు చెప్పిన. దీనికి పెద్దది పడ్తది. అంకె గీడ ఉన్నది. దాని మీద స్టిక్కర్ నేనే అతికిచ్చిన."

మైథిలి వచ్చి వంగి చూసింది. ఆమె ముఖంలో సంతోషమేమీ కనబడలేదు.

"అంటే సంవత్సరం నుంచీ పట్టేదేనా?"

"పట్టేదే."

"ఆలస్యం చేస్తున్నానని రెండు బళ్ళవాళ్ళు నన్ను మానేశారండి. మీరన్నారని నేను ఇంకెవర్నీ అడగనుకూడా లేదు."

ఓదెలు చేతిలోని స్టిక్కరు ఉండను బల్ల మీద పెట్టాడు.

"పాతది పాతదే మేడం," అన్నాడు అమరనాథ్ మెల్లగా. "ఇయాల ఇది పెట్టిపిస్తరు, రేపు ఇంకోటి పోతది. కొత్తది తీస్కుంటే ఫికరుండది."

"సేట్ చెప్పేది అబద్ధం గాదు బిడ్డా," అన్నాడు ఓదెలు. "ఇది ఇంకో రెండేండ్లు నడుస్తది. తర్వాత నేర్చుకునుడు తప్పది."

ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది. "రెండేళ్ళు చాలండి. పెట్టండి."

ఆయన సొరుగు లాగి, వాడిన ప్రాసెసర్లు రెండు బల్బు కిందికి తెచ్చి, మీద చెక్కిన సన్నటి అక్షరాలు చదివాడు. ఒకటి ఎక్కువ వేగానిదే, కానీ దాని తరం వేరు. గుంటలో దిగుతుంది గానీ ఈ బోర్డుతో నడవదు. దాన్ని పక్కన పెట్టాడు. రెండోది అడిగే కరెంటు ఎంతో ఒకసారి చూశాడు, మళ్ళీ ఒకసారి చూశాడు. బోర్డులో ఉన్నదాన్ని మీట ఎత్తి తీసేశాడు. కొత్తగా పెట్టినదాని మీద చల్లదనానికి పూసే తెల్లటి పూత పూసి, ఫ్యాను బిగించి, స్విచ్చి వేశాడు.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. అమరనాథ్ కూడా లేచి వచ్చాడు. ఒక్క కూత వినిపించి, ప్రాసెసర్ పేరు, పక్కనే దాని వేగం ఎనిమిది వందల యాభై అని పడింది.

మైథిలి నిలబడే ప్రశ్నపత్రం తెరిచింది. పేజీ వెంటనే వచ్చింది. 'ఖాళీలను పూరించండి' అని టైపు చేసింది. వేళ్ళు వెతుక్కోలేదు. నవ్వలేదు గానీ, దాని కింద ఇంకో వరుస కొట్టింది, ఇంకోటి కొట్టింది.

ఆటో ఎక్కి, దుప్పటి మూట ఒళ్ళో సర్దుకుని అడిగింది. "మళ్ళీ ఏదైనా అయితే మిమ్మల్నే అడగనా, ఇంకెవర్నైనా అడగనా?"

"ఇంకొకల్ని గూడ అడుగు బిడ్డా."

ఆమె "వస్తానండి" అంది.

సాయంత్రం అయిదింటికి బిల్లు పుస్తకం మూస్తూ అమరనాథ్ అన్నాడు. "చేతిల పడ్డ బేరాన్ని ఇడిసిపెట్టినవ్ గదన్నా."

"అవు. ఇడిసిన."

"ఇగ నేనేం జెయ్యాలె, నువ్వే జెప్పు."

"నువ్వేం జెయ్యకు. నెల దాంక ఎందుకు సేట్, ఇయాలనే పోత. మనసుల లొల్లి లేదు, ఇదే మంచిగున్నది."

అమరనాథ్ చాయ్ తాగి పొమ్మన్నాడు. ఇద్దరూ నిలబడే తాగారు. ఓదెలు బల్ల తుడిచి, స్క్రూడ్రైవర్లు, బ్రష్షు గుడ్డసంచిలో వేసుకుని, సంచిని సైకిలు హ్యాండిలుకు తగిలించాడు. లోకల్ రైలు దిగిన జనం రోడ్డు నిండా వస్తున్నారు. వాళ్ళకు ఎదురుగా, సైకిలు నడిపించుకుంటూ గౌలిపుర వైపు వెళ్ళిపోయాడు.

అమరనాథ్ దీపం ఆర్పడానికి వెనక్కి వెళ్ళాడు. ఖాళీ బల్ల మీద గులాబీ రంగు నురగముక్కలో కాళ్ళు గుచ్చి, మైథిలి బోర్డు నుంచి తీసిన చిన్న ప్రాసెసర్ ఉంది. దాని మీద ఎండీ ఎండని తెల్లటి పూతలో ఒక బొటనవేలి ముద్ర, గీతలు గీతలుగా.