కదిరప్ప గురక

కాటన్‌పేట సందులో మధ్యాహ్నం అంట్లు బోర్లించాక ఆడవాళ్లంతా పలకలు చంకన పెట్టుకుని పిల్లమ్మ పంచలోకి చేరేవారు. యుద్ధం రోజులు. బియ్యం రేషను, కిరసనాయిలు కరువు. అయినా సందులో వేలిముద్ర వేసే మనిషి మిగలకూడదని అక్షరాల కమిటీ పట్టుబట్టింది. పిల్లమ్మ పంచ ఇచ్చింది. గాజుల అంగడాయన పలకలిచ్చాడు. పంతులమ్మ సుబ్బలక్ష్మమ్మ మల్లేశ్వరం నుంచి ఎండలో నడిచొచ్చేది. కన్నడ సీమలో కాపురాలు, ఇంట్లో తెలుగు, పలక మీద కన్నడం. అక్కచెల్లెళ్ల లాంటి భాషలు కనక ఎవరూ తడబడలేదు.

పాఠానికి తాళం పక్కింటి గురక. అది సొన్నమ్మ మొగుడు కదిరప్పది. నూలు మిల్లులో పనివాడు. రోజూ తెల్లవారుజామున వాళ్లమ్మ తనను పేరు పెట్టి పిలిస్తేనే లేచేవాడు, ఊరంతా వచ్చి అరిచినా కదిలే రకం కాదు. ఉగాదికి ముందు ఆ ముసలామె నిద్రలోనే పోయింది. లేపేవాళ్లు లేరు, కదిరప్ప లేవలేదు. తలకొరివి పినతండ్రి కొడుకు పెట్టాడు. ఇప్పుడు దసరా వస్తోంది. మంగలి వారం వారం వచ్చి పడుకున్నవాడికే గడ్డం గీసిపోతాడు. మిల్లువాళ్లు "ఇంకా లేవలేదా?" అని తొంగిచూసి పోతారు. సొన్నమ్మ అగరొత్తులు చుట్టి ఇల్లు నెట్టుకొస్తోంది.

ఇంటి మనిషే పేరు పెట్టి పిలవాలి. ఇంట్లో మిగిలింది సొన్నమ్మ ఒక్కతే. మొగుడి పేరెత్తితే ఆయన ఆయుష్షు తరుగుతుందని కన్నతల్లి చెప్పిన మాట ఆమెకు శిలాశాసనం. కదిరి నరసింహసామికి మొక్కుకున్నా "ఆ ఊరి సామీ" అనేదే తప్ప ఊరి పేరు పలికేది కాదు. పిలిస్తే పోతాడు. పిలవకపోతే? మొదట్లో సందు చివరికి వినబడిన గురక ఇప్పుడు పిల్లమ్మ పంచ దాటడం లేదు. అది ఆగిన రోజు మనిషి దక్కడని సొన్నమ్మ భయం. పాఠం వింటున్నా ఒక చెవి ఇంటి వైపే ఉండేది.

వాళ్ల చదువుకు ఒక పద్ధతుంది. ముందు అక్షరాలు విడివిడిగా, తర్వాత కలిపి గొంతెత్తి పదం. "బా... న... బాన!" ఆర్నెల్లుగా ఇదే పాట.

పండగకు ప్రతి గుమ్మం మీదా యజమాని పేరు ఆ ఇంటి ఆడమనిషే సున్నంతో రాయాలని కమిటీ చెప్పింది. సొన్నమ్మ వంతు వచ్చింది.

"నావల్ల కాదమ్మా, పాపం తగులుతాది."

"రాస్తే ఏం పాపం? విడివిడిగా పలికితే అది పేరు కాదు కదా," అని సుబ్బలక్ష్మమ్మ ఆ పేరు నల్లబల్ల మీద రాసింది.

సొన్నమ్మ బలపం పట్టింది. "క... ది... ర... ప్ప..." అలవాటుపడిన నోరు, అక్కడ ఆగలేదు. "కదిరప్ప!"

పక్కింట్లో గురక ఆగిపోయింది.

"నీ నోట మన్నుపొయ్య! ఎంత మాటంటివే!" అని పిల్లమ్మ గుండెలు బాదుకుంది. పంతులమ్మ గబగబా నల్లబల్ల తుడిచేసింది. సొన్నమ్మ పలకతోనే లేచి పరుగెత్తింది. నా నోటితో నేనే చంపుకున్నాను, నోరు పడిపోనూ, అనుకుంటూ గడప మీద తూలిపడింది.

కదిరప్ప మంచం మీద కూర్చుని కళ్లు నులుముకుంటున్నాడు.

"మిల్లు కూత కూసెనా? అమ్మ పిలిచినట్లుండె. యాడుండాది అమ్మ?"

సొన్నమ్మ చావుకు సిద్ధపడి వచ్చిందిగానీ ఈ ప్రశ్నకు కాదు. ఆమె ఆర్నెల్లుగా ఏడ్చి ముగించిన ఏడుపు ఆయనకింకా మొదలే కాలేదు.

"అమ్మ పోయి ఆర్నెల్లాయె. నువ్వు పండుకునే ఉంటివి. పిలిచింది నేనే."

కదిరప్ప ఆమె నోటి వైపు చూశాడు, ఖాళీగా ఉన్న తల్లి చాప వైపు చూశాడు. అప్పుడొచ్చింది ఏడుపు. వచ్చాక ఆగలేదు. వాకిట్లో ఆడవాళ్లు పలకలు పట్టుకుని నిలబడిపోయారు.

"అయితే రేపు నన్ను లేపేదెవరే?" అన్నాడు చివరికి, పసివాడిలా.

సొన్నమ్మ పలక పక్కన పెట్టింది. ఈసారి అక్షరాలు విడగొట్టలేదు.

"నేనే లేపుతా, కదిరప్పా."

వాకిట్లో పిల్లమ్మ రెండు చెవులూ మూసుకుంది.