ఒబారా మెచ్చిన మూడో కప్పు

పెద్ద మేస్త్రి ఒబారా మూడో కప్పులోని బియ్యపు సారా సాకేను నోట్లో తిప్పి, బకెట్‌లో ఉమ్మి, "ఇదే" అన్నాడు. "గుండ్రంగా ఉంది. ఎక్కడా గుచ్చుకోలేదు. ఈ చలికాలం తీసినవాటిలో ఇదే మేలు."

మా కార్ఖానాలో ఆయన రుచి చెప్పాకే మిగతావాళ్లు కప్పు ఎత్తుతారు. యజమానురాలు హతకెయామా ఎత్తింది. ముక్కు దాకా వచ్చిన కప్పు అక్కడే ఆగిపోయింది. రెండో మేస్త్రి తెరుయి వాసన చూసి నా వైపు తిరిగింది. నేనూ వాసన చూశాను. మురిగిన వెన్న కంపు.

"ఏంటి, పెళ్లిచూపులకొచ్చినట్టు కూర్చున్నారు ముగ్గురూ? కానివ్వండి."

ఎవరూ తాగలేదు. అన్నం పూర్తిగా పులవకముందే పిండితే ఆ కంపు వస్తుంది. ఎప్పుడు పిండాలో పెద్ద మేస్త్రే అన్నం పులిసే తొట్టి మీదకు వంగి, వాసన పట్టి చెబుతాడు. మూడో తొట్టిని పిండమన్నది ఒబారాయే. పోటీకి వెళ్లాల్సిన నాలుగో తొట్టినీ ఆ మధ్యాహ్నం పిండమని చెప్పి ఉన్నాడు. అవతలి గదిలో పిండే సంచులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు నాకు తట్టింది. మొదటి కప్పు "నీళ్లలా జారి, చివర ఘాటుగా తెగింది" అన్నాడు. రెండోది "నాలుక మీద బరువుగా కూర్చుంది" అన్నాడు. మొదటిదానికి పియర్ పండు వాసన ఉంది, రెండోదానికి అప్పుడే ఉడికిన అన్నం వాసన. వాసన గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

పెద్ద మేస్త్రికి ఎదురు చెప్పడం మా దగ్గర లేదు. తెరుయి కప్పు కింద పెట్టింది.

"మేస్త్రి గారూ, ఇది కంపు కొడుతోంది."

"ఏం కంపు?"

"మురిగిన వెన్న."

"పులిసిన సోయా గింజలు మెక్కి వచ్చావా ఏంటి? నీ మూతి కంపేమో చూసుకో."

"అవి తింటే తొట్టి పాడవుతుందని, కార్ఖానా నడిచే రోజుల్లో నేనవి ముట్టనని మీకు తెలుసు."

ఒబారా కప్పును ముక్కుకు ఆనించి గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. యజమానురాలి వైపు చూశాడు.

"అమ్మగారూ, మీరు చెప్పండి."

"వెన్నే, ఒబారా గారూ."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "జ్వరం తగ్గినప్పటి నుంచీ కూడు చప్పగా ఉంటోంది. జలుబే కదా అనుకున్నా." ఒక్కసారిగా తలుపు వైపు తిరిగి అరిచాడు. "ఒరేయ్, సంచులు ఆపండి! తెరుయీ, నువ్వెళ్లి నాలుగోది చూడు."

"నేనా?"

"ఇక్కడ ముక్కున్నది నీకే. వెళ్లు."

పెద్ద మేస్త్రి ఉండగా ఇంకొకరు తొట్టి మీదకు వంగడం నేనెప్పుడూ చూడలేదు. పనివాళ్లు తడి చేతులతో వచ్చి నిలబడ్డారు. తెరుయి నిచ్చెన ఎక్కింది. ఒబారా కింద నిచ్చెన పట్టుకున్నాడు.

"ఇంకా పచ్చిగానే ఉంది" అంది పైనుంచి. "ఇవాళ వద్దు."

"విన్నారుగా" అన్నాడాయన పనివాళ్లతో. "ఇకమీదట ఆవిడ పిండమంటేనే పిండండి."

వాళ్లు కదల్లేదు. యజమానురాలు తల ఊపాక వెళ్లారు.

ఒబారా నిచ్చెన వదల్లేదు. "యాపిల్ వాసన వస్తోందా?"

"వస్తోంది."

"ఎలాంటిది? కోసినదా, కోయనిదా?"

తెరుయి మళ్లీ వంగింది.